కొత్త ఫ్రిజ్ కొంటున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

ఫ్రిజ్‌లు బాగుచేయడం నా పని. కొత్త ఫ్రిజ్ ఇంటికి వచ్చిన వారంలోపే నాకు ఫోన్ చేసేవాళ్లు కొందరు ఉంటారు. వెళ్లి చూస్తే చాలాసార్లు రిపేరేమీ ఉండదు. షోరూమ్‌లో సగం విని, మిగతా సగం ఊహించుకుని కొన్నారని మాత్రం తెలుస్తుంది.

అపోహ: ఇన్వర్టర్ ఫ్రిజ్ అంటే కరెంటు పోయినా నడుస్తుంది.

నడవదు. అందులో బ్యాటరీ ఏమీ ఉండదు. ఇక్కడ ఇన్వర్టర్ అంటే కంప్రెసర్ మోటారు వేగాన్ని పెంచి తగ్గించే సర్క్యూట్. పాత రకం కంప్రెసర్‌కు రెండే పనులు తెలుసు: పూర్తి వేగంతో తిరగడం, ఆగిపోవడం. పైగా మళ్లీ మొదలైన ప్రతిసారీ, ఒక్క క్షణంపాటు, మామూలుగా నడిచేటప్పటికన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ అలా కాదు. లోపల చల్లదనం సరిపోయాక వేగం తగ్గించుకుని, గంటల తరబడి సన్నగా మోగుతూ తిరుగుతూనే ఉంటుంది. "అసలు ఆగట్లేదండీ, బిల్లు ఎంతొస్తుందో" అని టెన్షన్ పడేది ఇక్కడే. అది పొదుపు చేసేది అలా నిదానంగా తిరగడం వల్లే. ఇంట్లోని బ్యాటరీ ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ నడుస్తుందా అన్నది వేరే సంగతి. అది ఎన్ని వాట్లు మోయగలదో చూడాలి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే అందులోని మంచు కరిగించే హీటరు లోడు కూడా లెక్కలోకి తీసుకోవాలి. చాలామంది దీన్ని మర్చిపోతారు.

అపోహ: ఎనర్జీ లేబుల్ మీద రేటింగ్ ఎక్కువుంటే బిల్లు తక్కువ.

సాధారణంగా ఆ రేటింగ్ ఫ్రిజ్ సైజును, రకాన్ని లెక్కలోకి తీసుకుని ఇచ్చేది. మంచి రేటింగ్ ఉన్న పెద్ద డబుల్ డోర్, అంతకన్నా తక్కువ రేటింగ్ ఉన్న చిన్న సింగిల్ డోర్ కంటే ఎక్కువ కరెంటు తినొచ్చు. అదే లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న అంకె ఉంటుంది. నేనైతే ముందు అదే చూస్తాను.

లేబుల్ తర్వాత ఇంకోటి చదవాలి. ఫ్రిజ్ లోపలి గోడకో వెనకవైపో అతికించిన చిన్న ప్లేటు. దాని మీద క్లైమేట్ క్లాస్ అని ఎస్‌ఎన్, ఎన్, ఎస్‌టీ, టీ అక్షరాల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఆ ఫ్రిజ్ ఎంత వేడి ఉన్న గదిలో సరిగ్గా పనిచేసేలా తయారైందో అది చెబుతుంది. ఎన్ అంటే 16 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వరకు, ఎస్‌టీ 38 వరకు, టీ అయితే 43 వరకు. ఎండాకాలంలో వంటగది 40 దాటే ఇంట్లో ఎన్ క్లాస్ ఫ్రిజ్ పెట్టి చల్లబడట్లేదంటే తప్పు ఫ్రిజ్‌ది కాదు. ఇన్నేళ్లలో కొనేముందు నన్ను ఈ అక్షరం గురించి అడిగినవాళ్లు దాదాపు లేరు.

అపోహ: రెండు మూడేళ్లకోసారి గ్యాస్ నింపించాలి.

ఇది మా వృత్తిలో కొందరే ప్రచారంలో పెట్టారు. గ్యాస్ మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది, ఎక్కడో లీకైతే తప్ప తగ్గదు. లీకు పట్టుకుని మూయకుండా నింపితే మళ్లీ పోతుంది. ఒక ఇంట్లో రెండేళ్ల ఫ్రిజ్‌కి గ్యాస్ అయిపోయిందని అంతకుముందు వచ్చినతను చెప్పి వెళ్లాడట. నేను ఒక కాగితం ముక్క తలుపు సందులో పెట్టి, తలుపు వేసి లాగి చూశాను. మూడు వైపులా బిగుసుకునే ఉంది. పైమూల దగ్గర మాత్రం ఏ పట్టూ లేకుండా జారి చేతిలోకి వచ్చేసింది. అక్కడ రబ్బరు ముడుచుకుపోయింది. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో అద్ది, మెత్తబడ్డాక సాపు చేసి, తలుపు గట్టిగా మూసి వచ్చాను. మర్నాడు మామూలుగానే చల్లబడిందని ఫోన్ చేశారు. కొత్త ఫ్రిజ్ డెలివరీ రోజే ఈ కాగితం పరీక్ష మీరూ చేసుకోవచ్చు.

గ్యాస్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్-600ఎ మండే గ్యాసే, నిజమే. కానీ ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములు. ఫ్రిజ్ వాడేవాళ్లు దీనికి భయపడక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది రిపేరు చేసేవాళ్లు, గొట్టాలకు మంట పెట్టే ముందు.

పక్కలు వేడెక్కితే ఫ్రిజ్ పాడైనట్టా? కాదు. లోపలి వేడిని బయటికి వదిలే గొట్టాలు చాలా మోడళ్లలో ఆ పక్కగోడల్లోనే ఉంటాయి. రెండువైపులా అల్మారాల మధ్య బిగించి పెట్టారంటే మాత్రం ఆ వేడి పోయే దారి ఉండదు. మాన్యువల్‌లో ఎంత ఖాళీ చెప్పారో అంత వదలండి.

నాబ్ మీది 1, 2, 3 డిగ్రీలు కావు. మామూలుగా అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది, అంతే. లోపల 4 డిగ్రీలు మించకూడదు, ఫ్రీజర్ మైనస్ 18 ఉండాలి. అనుమానముంటే గ్లాసు నీళ్లలో థర్మామీటరు వేసి, నడిమి అరలో రాత్రంతా ఉంచి పొద్దున్నే చూడండి. ఒళ్లు చూసుకునే థర్మామీటరు దీనికి పనికిరాదు.

పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటే, సాధారణంగా అది కంప్రెసర్ ఒక్కదానికే. సర్క్యూట్ బోర్డు, ఫ్యాను, గ్యాస్, మెకానిక్ కూలీ ఎన్నాళ్లు వస్తాయో విడిగా అడిగి కాగితం మీద చూసుకోండి.

చివరగా, లీటర్లు చూసి కొనేవాళ్లు తలుపు సంగతి మర్చిపోతారు. ఫ్రిజ్ తలుపు పక్క గోడకు తగిలి 90 డిగ్రీల దగ్గరే ఆగిపోతే, కొన్ని మోడళ్లలో కింది డ్రాయరు బయటికి రాదు. టేపుతో ఆ మూల కొలవండి, ఇంటి గుమ్మం కూడా కొలవండి. గుమ్మంలో పట్టక తలుపులు ఊడదీసి లోపలికి చేర్చిన కొత్త ఫ్రిజ్‌లకు, ఆ తలుపులు మళ్లీ బిగించే పని నాకు చాలాసార్లే పడింది.