ఎనభైల్లో ప్రొస్టేట్ క్యాన్సర్: వైద్యం చేయాలా, ఆగాలా అన్న ప్రశ్న ఎక్కడిది?

2025 మే నెలలో అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు ప్రొస్టేట్ క్యాన్సర్ ఉందని, అది అప్పటికే ఎముకలకు పాకిందని ఆయన కార్యాలయం ప్రకటించింది. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. జబ్బు ఎంత ఉధృతంగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు 9. ఆ కొలతలో 10కి మించి లేదు. ప్రొస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్‌ను కొలిచే పీఎస్‌ఏ రక్తపరీక్ష ఆయనకు చివరిగా చేసింది 2014లోనని తెలిసి చాలామంది ముక్కున వేలేసుకున్నారు. అధ్యక్షుడికే ఆ పరీక్ష చేయకపోవడమేమిటన్నారు. కానీ 70 దాటినవాళ్లకు ఏ లక్షణమూ లేకుండా ఆ పరీక్ష వద్దని చెప్పింది, ఎవరికి ఏ ముందస్తు పరీక్షలు చేయాలో సలహాలిచ్చే అమెరికా నిపుణుల సంఘమే. ఎందుకలా చెప్పిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. తండ్రి బయాప్సీ రిపోర్టు చేతిలో పట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చునే కొడుకులు, కూతుళ్లు మన ఇళ్లలో పెరుగుతున్నారు కాబట్టి, ఈ సంగతులు వాళ్లకు పనికొస్తాయని నా నమ్మకం.

1935లో అమెరికా పాథాలజిస్టు ఆర్నాల్డ్ రిచ్ ఒక విషయం గమనించాడు. వేరే జబ్బులతో చనిపోయిన మగవాళ్ల ప్రొస్టేట్ గ్రంథుల్లో క్యాన్సర్ దాగి ఉంటోంది. బతికున్నన్నాళ్లూ అది వాళ్లను ఇబ్బంది పెట్టలేదు, ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు. తర్వాత ఎన్నో దేశాల్లో చేసిన శవపరీక్షలూ ఇదే చెప్పాయి. ఎనభై ఏళ్లు నిండినవాళ్లలో సగానికి పైగా మగవాళ్లకు ఇది ఎంతో కొంత ఉంటుంది. అందరినీ అది చంపదు. గుండెజబ్బో పక్షవాతమో ముందు తీసుకుపోతుంది. క్యాన్సర్ అనగానే గుండె జారిపోయే మనకు ఇది నమ్మబుద్ధి కాదు. ఎవరిది నిద్రపోయే క్యాన్సర్, ఎవరిది మీదపడే క్యాన్సర్ అన్నదే అసలు చిక్కు.

1941లో షికాగోలో చార్లెస్ హగిన్స్ వృషణాలు తీసేస్తే, లేదా స్త్రీ హార్మోన్ ఇస్తే, మగ హార్మోన్ తగ్గి, ఎముకలకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్ కూడా ముడుచుకుపోతుందని చూపించాడు. మంచానపడ్డవాళ్లు నొప్పి తగ్గి లేచి తిరిగారు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. అంతకు చాలా ముందే, ఆ ఫలితాలు చూసిన ఉత్సాహంలో, జబ్బు కనబడ్డ ప్రతి ముసలాయనకూ స్త్రీ హార్మోన్ మొదలుపెట్టేశారు.

దాన్ని నిలదీసింది అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు కలిసి 1960లో మొదలుపెట్టిన అధ్యయనం. నా దృష్టిలో ఈ కథకు ఇదే మలుపు. రోజుకు 5 మిల్లీగ్రాముల స్త్రీ హార్మోన్ తీసుకున్నవాళ్లలో క్యాన్సర్ చావులు తగ్గాయి, గుండె, రక్తనాళాల జబ్బులతో చావులు పెరిగాయి. లెక్క వేస్తే మిగిలిందేమీ లేదు. జబ్బును అణచడం వేరు, మనిషిని బతికించడం వేరు అని పెద్దవయసు రోగుల విషయంలో అంత స్పష్టంగా తేలింది అప్పుడే. న్యూయార్క్ సర్జన్ విల్లెట్ విట్‌మోర్ అడుగుతూ వచ్చిన ప్రశ్న కూడా ఈ బాధలోంచి పుట్టిందే: నయం చేయగలిగినవాళ్లకు నయం చేయడం అవసరమా, అవసరమైనవాళ్లకు నయం చేయడం సాధ్యమా?

1980లలో రెండు మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1982లో పాట్రిక్ వాల్ష్ నరాలు దెబ్బతినకుండా ప్రొస్టేట్‌ను తీసేసే పద్ధతి తెచ్చాడు. పీఎస్‌ఏ పరీక్షకు 1986లో జబ్బు తెలిసినవాళ్లను గమనించడానికి, 1994లో జబ్బును కనిపెట్టడానికి అనుమతి వచ్చింది. పరీక్షలు ముమ్మరమయ్యాయి, కేసులు కుప్పలుగా బయటపడ్డాయి, ఆపరేషన్లూ రేడియేషనూ అదే జోరుతో సాగాయి. ఎన్నడూ బాధపెట్టని జబ్బు కోసం మూత్రం ఆపుకోలేని స్థితికి వచ్చినవాళ్లు, దాంపత్య జీవితం పోగొట్టుకున్నవాళ్లు తయారయ్యారు. వాళ్లు ఈ సంగతి బయటికి చెప్పుకోలేదు. ఎవరు చెప్పుకుంటారు? తొలి రోజుల్లో ప్రొస్టేట్ యాంటిజెన్ (ప్రొస్టేట్‌లో ఉండే ప్రొటీన్) మీద పనిచేసిన రిచర్డ్ ఆబ్లిన్, 2010లో, ఆ పరీక్షను ఇలా అందరికీ చేయడం తప్పని బాహాటంగా రాశాడు. అమెరికా నిపుణుల సంఘం 2008లో 75 దాటినవాళ్లకు, 2012లో అన్ని వయసులవాళ్లకూ మామూలుగా ఈ పరీక్ష వద్దంది. 2018లో కొంచెం సడలించి 55 నుంచి 69 ఏళ్లవాళ్లు డాక్టరుతో మాట్లాడి తేల్చుకోమంది. 70 దాటితే వద్దన్న మాట మాత్రం మార్చలేదు.

ఈలోగా టొరంటోలో లారెన్స్ క్లాట్జ్ 1990ల మధ్య నుంచి ఇంకో దారి పట్టాడు. తక్కువ ఉధృతి ఉన్నవాళ్లకు వెంటనే కత్తి పెట్టకుండా పీఎస్‌ఏ, బయాప్సీలతో కనిపెట్టుకుని ఉండి, జబ్బు కదిలితేనే చికిత్స చేయడం. ఆ దారి తప్పు కాదని బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనం చూపించింది. అందులో 1,643 మందిని మూడు గుంపులు చేసి ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్, ఒకరికి పరిశీలన అన్నారు. 15 ఏళ్ల తర్వాత, 2023లో చూస్తే, ఏ గుంపులోనైనా ఈ క్యాన్సర్‌తో చనిపోయింది నూటికి సుమారు ముగ్గురే. అయితే వాళ్లంతా చేరేటప్పటికి 50 నుంచి 69 ఏళ్లవాళ్లు. స్వీడన్ వైపు జరిగిన ఇలాంటి అధ్యయనంలోనూ, అమెరికా మాజీ సైనికుల తర్వాతి అధ్యయనంలోనూ 75 దాటినవాళ్లను చేర్చుకోలేదు. ఎనభై ఏళ్లాయన విషయంలో డాక్టరు చెప్పేది చాలామటుకు ఆయనకంటే చిన్నవాళ్ల మీద తేలిన లెక్కే. ఇది ప్రతి కుటుంబానికీ విప్పి చెప్పాలి.

ఇదంతా విని, ముసలితనంలో ఏమీ చేయక్కర్లేదనుకుంటే అదీ ప్రమాదమే. ఉధృతమైన జబ్బు ఉండి, ఒంట్లో సత్తువా ఉన్న 78 ఏళ్లాయనను వయసు చూసి వదిలేస్తే, ఎముకలు విరిగి, వెన్ను నలిగి, నొప్పితో పోవచ్చు. అందుకే వృద్ధుల క్యాన్సర్ వైద్యుల అంతర్జాతీయ సంఘం 2010లో వయసును కాదు, ఆరోగ్యాన్ని చూడమంది. ఇంకో పదేళ్లు బతికే సత్తువ ఉందా అన్నదే ఈనాటికీ ముఖ్యమైన గీటురాయి. లేదనిపిస్తే, జబ్బు బాధపెట్టనంతవరకు ఊరుకుని, పెట్టినప్పుడు మగ హార్మోన్‌ను అణచే వైద్యం చేస్తారు. ఆ హార్మోన్ ఇంజెక్షన్లూ ఊరికే పోవు. ఎముకలు గుల్లబారతాయి, కండ కరుగుతుంది, ఒళ్లంతా ఉడుకెత్తిపోతుంది, షుగరు పెరగొచ్చు. నెలలకొద్దీ సూదుల ఖర్చు భరించలేనివాళ్లకు వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్ మన దగ్గర ఇప్పటికీ చేస్తున్నారు. హగిన్స్ నాటి మార్గమే అది, పనిచేస్తుంది కూడా. కానీ చేసేముందు ఆయనకు చెప్పి, ఒప్పించి చేయాలి.

మన ఇళ్లలో అక్కడే తడబాటు. మూత్రం సరిగా రావట్లేదని ప్రొస్టేట్ ఆపరేషన్ చేయిస్తారు, తీసిన ముక్కల్లో క్యాన్సర్ బయటపడుతుంది. ‘నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ’ అంటూ కొడుకులు గది బయటే తేల్చేస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ రేపు డైపరు కట్టుకోవాల్సింది, ఉడుకెత్తి రాత్రుళ్లు లేచి కూర్చోవాల్సింది ఆయనే కదా. ఈ వయసువాళ్ల శక్తిని అంచనా వేయడానికి చాలా ఆసుపత్రుల్లో జీ8 అనే ఎనిమిది ప్రశ్నల పట్టిక వాడతారు. తిండి, బరువు, నడక, జ్ఞాపకం, మందుల సంఖ్య అన్నీ అందులో ఉంటాయి. వయసు ఆ ఎనిమిదింట్లో ఒకటి మాత్రమే. ఇంకో ప్రశ్న ఇది: మీ ఈడువాళ్లతో పోల్చుకుంటే మీ ఆరోగ్యం ఎలా ఉందనుకుంటున్నారు? అది అడగాలంటే ఆయన్ని లోపలికి పిలవాలి.