పీటీఎస్‌డీ ఆడవాళ్ల జబ్బు కాదు, పిరికివాళ్ల జబ్బు అంతకన్నా కాదు

“ఆమెది పిరికి గుండె డాక్టరుగారూ, కాస్త ధైర్యానికి ఏమైనా రాయండి.” నెల్లూరులో మనోవైద్యం చేసే నాకు ఈ మాట కంఠతా వచ్చేసింది. రోడ్డు ప్రమాదమైనా, ఇంట్లో దెబ్బలైనా, 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు వైపు ముంచెత్తిన వరదైనా, వెంట వచ్చినవారు చివరికి చెప్పేది ఇదే. ధైర్యానికి మాత్ర లేదు. ఉన్నా ఈ జబ్బుకు, అంటే ఘోరమైన ఘటన తర్వాత భయం, పీడకలలు మనసును వదలని పీటీఎస్‌డీకి, పనిచేయదు.

అపోహ: ఆడవాళ్ల మనసు బలహీనం కాబట్టే వాళ్లకు పీటీఎస్‌డీ ఎక్కువ.

వాస్తవం: లెక్క నిజం, కారణం తప్పు. 1995లో వెలువడిన అమెరికా జాతీయ సర్వే ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ వచ్చినవారు స్త్రీలలో 10 శాతం, పురుషుల్లో 5 శాతం. ఘోరమైన ఘటనలు ఎదురైనవారు మాత్రం పురుషుల్లోనే ఎక్కువ: 61 శాతం, స్త్రీలలో 51. “చూశారా, తక్కువ చూసి ఎక్కువ బెదిరారు” అనేవారు అక్కడితో చదవడం ఆపేస్తారు. అదే సర్వేలో, తమను అన్నిటికన్నా కలచివేసింది అత్యాచారమేనని చెప్పిన పురుషుల్లో 65 శాతం మందికి పీటీఎస్‌డీ వచ్చింది. స్త్రీలలో 46. మరి మగ గుండె ఏమైనట్టు?

ఏం జరిగింది, ఎవరు చేశారు, ఎన్నిసార్లు జరిగింది, ఆ తర్వాత అండగా ఎవరు నిలబడ్డారు అన్నవే ఇక్కడ ముఖ్యం. లైంగిక హింస స్త్రీలకే ఎక్కువ ఎదురవుతుంది, అదీ చాలాసార్లు తెలిసినవారి చేతుల్లోనే. లారీ గుద్దేసి వెళ్లిపోతుంది. కొట్టినవాడు రాత్రి అన్నానికి ఇంటికే వస్తాడు. ఒకే రకం ప్రమాదంలో కూడా స్త్రీలలో కొంత ఎక్కువగా కనబడే మాట నిజమే. అందులో హార్మోన్ల పాత్ర ఉందని, ఈస్ట్రోజన్ తగ్గే రోజుల్లో భయం సడలడం నెమ్మదిస్తుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. పైగా “ఆ వేళప్పుడు అక్కడికెందుకు వెళ్లావు” అనే ప్రశ్న మగవాడికి ఎదురుకాదు.

ఈ అపోహ రెండువైపులా కోస్తుంది. సింగరాయకొండ దగ్గర హైవే మీద బైకు ప్రమాదంలో పడిన భార్యాభర్తలు వచ్చారు. ఆమెకు నిద్ర లేదు, హారన్ వినబడితే చెమటలు. గుండెకు, కడుపుకు, తలకు పరీక్షలన్నీ అయ్యాయి, రిపోర్టులన్నీ మామూలే. ఏ.ఎస్.పేట దర్గాకూ వెళ్లొచ్చారు. నమ్మకంతో వెళ్లినవారిని నేనేమీ అనను, చికిత్స ఆపకపోతే చాలు. మాట్లాడిందంతా ఆయనే: “నాకేం లేదండీ, ఈమెకే ధైర్యం లేదు.” ఆమె తల వంచుకునే అన్నది: “ఈయన ఆ రోజు నుంచి హైవే ఎక్కలేదండీ. ఊళ్ల మీదుగా తిప్పి తీసుకొచ్చారు. రాత్రి మందు లేకుండా పడుకోరు.” ఆయనకు ఒళ్లు మండింది. ఆ కోపం కూడా లక్షణమేనని ఆయనకు చెప్పడానికి మరో రెండు విడతలు పట్టింది. ఇద్దరికీ పీటీఎస్‌డీనే. ఆమెను స్కానింగులకు తిప్పారు, ఆయన జబ్బుకు తాగుడు అని పేరు పెట్టి వదిలేశారు. మగవారిలో ఇది తరచూ చిరాకుగా, తాగుడుగా బయటపడుతుంది కాబట్టి పసిగట్టడం కష్టం, ఆయనంతట ఆయన రావడం ఇంకా కష్టం.

అపోహ: ఘటన జరిగిన వారంలోనే మందులు మొదలుపెట్టాలి.

వాస్తవం: కంగారు వద్దు. మొదటి వారాల్లో పీడకలలు, ఉలికిపాటు సహజం, చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా వదలకపోతే రండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే.

అపోహ: నిద్రమాత్ర చాలు.

వాస్తవం: చాలదు. అల్‌ప్రాజొలామ్ జాతి మాత్రలు ఈ జబ్బును తగ్గించవు, అలవాటు మాత్రం చేస్తాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి. పనిచేసేది ఆ ఘటన జ్ఞాపకాలను నేరుగా ఎదుర్కొనేలా చేసే మానసిక చికిత్స, అవసరమైతే సెర్‌ట్రాలిన్ వంటి మందు. స్త్రీలకూ పురుషులకూ ఇవే.

అపోహ: అమ్మాయికి వైద్యం చేయిస్తే ఊరంతా తెలిసి సంబంధాలు రావు.

వాస్తవం: రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఊరికి చెప్పేది మేం కాదు, మీ చుట్టాలే.

రాలేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా పలుకుతారు. వచ్చేవారు ఘటన తేదీ, నిద్ర ఎన్ని గంటలు, వాడుతున్న మాత్రల పేర్లు కాగితం మీద రాసుకొని రండి. భార్యను తీసుకొచ్చే భర్తలు తమకోసం కూడా ఒక కాగితం రాసుకుంటే నాకు పని తగ్గుతుంది.