అటెన్‌బరో: ట్రెంట్ నది ఒడ్డున పుట్టిన ఒక ఇంటిపేరు

గాంధీ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో, ప్రకృతి డాక్యుమెంటరీలకు మారుపేరైన ఆయన తమ్ముడు డేవిడ్ అటెన్‌బరో. ఈ అన్నదమ్ముల పుణ్యమా అని ఆ ఇంటిపేరు మన చెవులకు బాగా అలవాటైపోయింది. ఇంతగా వింటున్నాం కాబట్టి ఇంగ్లండ్‌లో అటెన్‌బరోలు వీధికి ఇద్దరైనా ఉంటారనుకుంటాం. కానీ అది అరుదైన ఇంటిపేరు. బ్రిటన్‌లో స్మిత్‌లు 5 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ళతో పోలిస్తే అటెన్‌బరోలు పిడికెడు మంది. అయినా చరిత్ర తెలుసుకోవాలంటే స్మిత్ కన్నా అటెన్‌బరో దగ్గరికి వెళ్ళడమే మేలు. స్మిత్ అంటే కమ్మరి. కమ్మరి లేని ఊరు లేదు కాబట్టి ఆ పేరు వందలచోట్ల విడివిడిగా పుట్టింది. అటెన్‌బరో అన్న పేరు పుట్టింది ఒక్క ఊళ్ళోనే, ఆ ఊరు ఇప్పటికీ మ్యాపులో అదే పేరుతో ఉంది.

నాటింగ్‌హామ్ నగరానికి నైరుతి దిక్కున ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, ట్రెంట్ నది ఒడ్డున ఉన్న పల్లె అది. సెయింట్ మేరీ పేరున ఒక పాత చర్చి ఉంది. 17వ శతాబ్దంలో రాజును ఎదిరించిన ఇంగ్లండ్ నాయకుడు క్రామ్‌వెల్ అల్లుడు, సేనాని హెన్రీ ఐర్టన్ 1611లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. గత శతాబ్దంలో నది పక్కన కంకర తవ్వి తీసిన గుంతలు నీళ్ళతో నిండి చెరువులయ్యాయి, పక్షులు చేరాయి. 1966లో ఆ చెరువుల్ని అభయారణ్యంగా ప్రారంభించినది డేవిడ్ అటెన్‌బరోయే. ఆ అభయారణ్యం దగ్గరే ఎరెవాష్ అనే చిన్న ఏరు ట్రెంట్‌లో కలుస్తుంది. ఆ ఏరే నాటింగ్‌హామ్‌షైర్‌కీ డెర్బీషైర్‌కీ సరిహద్దు. ఈ సరిహద్దు సంగతి ముందుముందు పనికొస్తుంది.

ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్త కాదు. నిడదవోలు, మంగళంపల్లి, ముక్కామల అన్న ఇంటిపేర్లు ఎలా వచ్చాయో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇందులో గమనించాల్సిన చిన్న సూక్ష్మం ఒకటుంది. సొంత ఊళ్ళో ఉన్నవాణ్ణి ఆ ఊరి పేరుతో పిలవడంలో అర్థం లేదు, అక్కడ అందరిదీ అదే ఊరు. ఊరు దాటి పక్క ఊళ్ళో స్థిరపడ్డవాణ్ణే 'ఫలానా ఊరివాడు' అంటారు. అందుకే ఇంగ్లండ్‌లో ఊళ్ళ పేర్లతో వచ్చిన ఇంటిపేర్లు పాత రికార్డుల్లో ఆ ఊళ్ళో కన్నా చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కువ కనిపిస్తాయి.

ఇంగ్లండ్‌కి ఇంటిపేర్లు 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్‌లు గెలిచిన తర్వాత వచ్చాయి. మొదట పెద్ద జమీందారులు తమ ఎస్టేటు పేరు పెట్టుకున్నారు. ఆస్తి తండ్రి నుంచి కొడుకుకి వెళ్తుంటే పేరూ వెంట వెళ్ళేది. మామూలు రైతు దగ్గరికి ఆ అలవాటు చేరేసరికి రెండు మూడు వందల ఏళ్ళు పట్టింది. 1377, 1379, 1381 సంవత్సరాల్లో తలపన్ను కోసం రాసిన జాబితాలు చూస్తే అప్పటికి చాలామందికి రెండో పేరు ఉంది. కొందరికి అది స్థిరపడిపోయింది, కొందరికి ఇంకా తరానికో రకంగా మారుతోంది. 1400 నాటికి ఇంగ్లండ్‌లో ఎక్కువమందికి తండ్రి ఇంటిపేరే కొడుక్కి వచ్చే పద్ధతి కుదిరింది. 1538లో చర్చిల్లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాయాలన్న ఆజ్ఞ వచ్చాక పేర్లు కాగితం మీదికెక్కాయి. స్పెల్లింగు మాత్రం రాసేవాడి ఇష్టం. అటెన్‌బరో, అటెన్‌బరౌ, అటెన్‌బర్రో అంటూ ఒకే పేరు పలురకాలుగా కనిపించడానికి కారణం అదే.

పేర్లను మ్యాపు మీద పెట్టి చూడాలన్న ఆలోచన హెన్రీ బ్రూమ్ గప్పీ అనే వైద్యుడిది. సాలమన్ దీవుల్లో పగడపు దిబ్బల్ని పరిశోధించి వచ్చిన మనిషి ఆయన. 1890లో ఇంగ్లండ్ జిల్లాల వారీగా ఇంటిపేర్ల పుస్తకం ప్రచురించాడు. అందుకు జనాభా మొత్తాన్ని లెక్కపెట్టలేదు, వ్యాపార డైరెక్టరీలు తీసుకుని వాటిలో రైతుల పేర్లు మాత్రం లెక్కించాడు. పొలం ఉన్నవాడు అందరికన్నా తక్కువ కదులుతాడు కాబట్టి పేరు అసలు చోటు రైతుల్లోనే తెలుస్తుందని ఆయన వాదన. ఒక జిల్లాకే, తరచుగా ఆ జిల్లాలో ఒక మూలకే పరిమితమైన పేర్లను ఆయన ప్రత్యేకంగా విడదీసి చూపించాడు. కంప్యూటర్ లేని రోజుల్లో ఇంత తెలివిగా దారి వెతికిన గప్పీకి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదనిపిస్తుంది నాకు.

తర్వాత 1881 జనగణన కాగితాలను వలంటీర్లు అక్షరం అక్షరం ఎత్తి రాశారు. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్ కలిపి సుమారు 3 కోట్లమంది పేర్లు. రైల్వేలు, ఫ్యాక్టరీలు వచ్చి యాభై ఏళ్ళు దాటిన కాలం అది, జనం ఊళ్ళు వదిలి నగరాలకు పోటెత్తిన కాలం. అప్పటికీ అటెన్‌బరోలు ప్రధానంగా నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్‌లలోనే ఉన్నారు. ఊరు సరిహద్దు ఏటి పక్కనే ఉంది కాబట్టి, బయటికి వెళ్ళినవాళ్ళు కొందరు ఇటు, కొందరు అటు సర్దుకున్నారు. దూరంగా కనిపించే గుంపు లండన్‌లోది. 19వ శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరోల తాకట్టు దుకాణాలు పేరుమోసినవి. ఒక కుటుంబం నగరానికి వెళ్ళి వ్యాపారంలో నిలదొక్కుకుంటే మ్యాపు మీద కొత్త చుక్క పడుతుందనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు. ఇక డేవిడ్, రిచర్డ్‌ల తండ్రి ఫ్రెడరిక్ 1887లో పుట్టింది స్టేపుల్‌ఫర్డ్‌లో. అటెన్‌బరో పల్లె నుంచి అది నాలుగైదు కిలోమీటర్లు. పేరు పుట్టి ఐదారు వందల ఏళ్ళు గడిచినా ఆ ఇంటివాళ్ళు చర్చి గంట వినిపించేంత దగ్గర్లోనే ఉన్నారన్నమాట.

మరి కొన్ని పేర్లు లక్షలకు పెరిగితే కొన్ని ఎందుకింత అరుదుగా మిగిలాయి? దీని మీద 19వ శతాబ్దంలో పెద్ద చర్చే జరిగింది. పేరున్న వంశాలు వరసగా అంతరించిపోవడం చూసి, పెద్దరికం వస్తే సంతానశక్తి తగ్గుతుందేమోనని కొందరు భయపడ్డారు. డార్విన్ బంధువు ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో దీన్ని లెక్కగా మార్చి పత్రికలో వేశాడు. హెన్రీ విలియం వాట్సన్ అనే మతగురువు, గణితజ్ఞుడు జవాబు పంపాడు. ఏ బలహీనతా లేకపోయినా, కేవలం అదృష్టం వల్లనే పేర్లు పోతాయన్నది ఆ జవాబు సారం. వాట్సన్ ఒకచోట పొరబడి అన్ని పేర్లూ చివరికి పోతాయని తేల్చాడు గానీ, దారి మాత్రం సరైనదే.

ఆ లెక్క మనమూ చేయొచ్చు. జనాభా పెరగదు, తరగదు అనుకుందాం. అంటే పెద్దవాడై ఇల్లు నిలబెట్టే కొడుకులు సగటున మనిషికి ఒక్కరు. కొందరికి ఇద్దరు ముగ్గురు మిగులుతారు, కొందరికి ఒక్కరూ మిగలరు, కొందరికి అందరూ ఆడపిల్లలే. పేరుకొక మగవాడి చొప్పున 100 ఇంటిపేర్లతో మొదలుపెడితే మొదటి తరంలోనే 37 పేర్లు పోతాయి. రెండో తరానికి 53 పోతాయి. పదో తరానికి 84, ఇరవయ్యో తరానికి 91. తరానికి ముప్పై ఏళ్ళు వేసుకుంటే ఇరవై తరాలంటే 600 ఏళ్ళు. మిగిలిన తొమ్మిది పేర్లే మొత్తం 100 మంది స్థానాన్నీ నింపుతాయి, అంటే పేరుకు సగటున పదకొండు మంది. పైగా 1348లో ఇంగ్లండ్‌కి వచ్చిన ప్లేగు ఏడాదిన్నరలో మూడో వంతు నుంచి సగం దాకా జనాన్ని తీసుకుపోయింది. అప్పుడప్పుడే కుదురుకుంటున్న పేర్లు ఎన్నో దాంతో పాటే పోయి ఉంటాయి. అందువల్ల ఈనాడు ఒక అరుదైన పేరు మిగిలి ఉందంటే, ఆ పేరుతో బయల్దేరిన నలుగురైదుగురిలో చాలాసార్లు ఒక్కడి సంతతే నిలిచిందని ఊహించవచ్చు.

ఊహను పరీక్షించే దారి, మగవాళ్ళకు మాత్రమే ఉండే వై క్రోమోజోమ్ అనే డీఎన్ఏ పోగు చూపించింది. అది తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది, బ్రిటన్‌లో ఇంటిపేరు వెళ్ళే దారీ అదే. దాని మీద కొన్నిచోట్ల డీఎన్ఏ అక్షరాల చిన్న ముక్క, ఉదాహరణకు జి-ఏ-టి-ఏ, వరసగా చాలాసార్లు వస్తుంది. ఒకరికి 12 సార్లు, మరొకరికి 13 సార్లు, ఇంకొకరికి 15 సార్లు. ఇలాంటి చోట్లు పది పదిహేను తీసుకుని వరసగా రాస్తే ఒక సంఖ్యల పట్టీ వస్తుంది. అన్నదమ్ముల పట్టీలు దాదాపు ఒకటే. ఎన్నో తరాలకు ఒకసారి ఎక్కడో ఒకచోట 12 కాస్తా 13 అవుతుంది. కాబట్టి ఒకే ఇంటిపేరున్న ఇద్దరు అపరిచితుల పట్టీలు ఒక అంకె తేడాతో సరిపోతే, కొన్ని వందల ఏళ్ళ కింద వాళ్ళకు ఒకే మూలపురుషుడు ఉన్నాడని నమ్మకంగా చెప్పొచ్చు.

ఈ పని భారీగా చేసింది లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరి కింగ్, మార్క్ జోబ్లింగ్. 1984లో మనిషిని డీఎన్ఏతో గుర్తుపట్టే 'డీఎన్ఏ వేలిముద్ర' పద్ధతిని అలెక్ జెఫ్రీస్ కనుగొన్నది అక్కడే. ఆ విశ్వవిద్యాలయం ఇంకా యూనివర్సిటీ కాలేజీగా ఉన్న రోజుల్లో దానికి ప్రిన్సిపల్‌గా పనిచేసింది ఫ్రెడరిక్ అటెన్‌బరోయే. కింగ్, జోబ్లింగ్‌లు 40 బ్రిటిష్ ఇంటిపేర్లు తీసుకుని, దగ్గరి చుట్టరికం లేని 1,600 మందికి పైగా మగవాళ్ళ వై క్రోమోజోమ్‌లు పోల్చారు. 2009లో ఫలితాలు వచ్చాయి. ఇద్దరు స్మిత్‌ల మధ్య పోలిక, వీధిలో పోయే ఏ ఇద్దరి మధ్య పోలిక కన్నా ఎక్కువ లేదు. అటెన్‌బరోల్లో, లాంకషైర్ వైపు పుట్టిన స్విండిల్‌హర్స్ట్‌ల్లో మాత్రం 70 శాతానికి పైగా ఒకే రకం లేదా దాదాపు ఒకే రకం వై క్రోమోజోమ్. మరికొన్ని పేర్లలో ఒకటికి మించి వేరువేరు గుంపులు. వరసగా చూస్తే పేరు అరుదయ్యేకొద్దీ రక్తసంబంధం చిక్కబడుతోంది.

మిగతా 30 శాతం సంగతి? చాలావరకు, కాగితం మీద తండ్రి, కన్నతండ్రి వేరైన సందర్భాలు అవి. గుట్టుగా జరిగిన సంబంధాలే అనుకోనక్కర్లేదు. దత్తత ఉంది, పెళ్ళి కాని తల్లి తన ఇంటిపేరే బిడ్డకివ్వడం ఉంది, భార్య తరఫు ఆస్తి కోసం ఆమె ఇంటిపేరు పెట్టుకోవడమూ ఉంది. పదిమందిలో ఒకరు ఇలాంటివారేనని జనంలో ఒక మాట తిరుగుతుంటుంది. ఇరవై ఐదు మందిలో ఒకరి కన్నా తక్కువే అయి ఉండాలని ఈ అధ్యయనం తేల్చింది. తరానికి 2 శాతం చొప్పున తెగిపోయినా ఇరవై తరాల్లో మూడింట ఒక వంతు గొలుసులు తెగుతాయి. అటెన్‌బరోల్లో కనిపించిన లెక్క దానికి దగ్గర్లోనే ఉంది. 600 ఏళ్ళ పాటు ఇంత నిలకడగా పేరూ రక్తమూ కలిసి నడిచాయన్నది నన్ను ఆశ్చర్యపరిచే సంగతి.

గొలుసు ఎక్కడైనా తెగొచ్చు, రాజులకూ మినహాయింపు లేదు. 1485లో యుద్ధంలో చనిపోయిన మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో లెస్టర్‌లో ఒక కారు పార్కింగ్ కింద దొరికింది. డీఎన్ఏ పరీక్షకు నాయకత్వం వహించినది టూరి కింగే. తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్ఏ, ఆ వైపు ఇప్పటి బంధువుల దానితో సరిపోయింది. తండ్రి వైపు వంశవృక్షం ప్రకారం బంధువులు కావలసిన ఐదుగురు ఇప్పటి మగవాళ్ళ వై క్రోమోజోమ్ మాత్రం రాజుగారి దానితో కలవలేదు. వాళ్ళలో నలుగురిది ఒకటే రకం, ఐదోవాడిది వేరు.

యార్క్‌షైర్ తూర్పు ప్రాంతపు అరుదైన ఇంటిపేరొకటి ఇంకా వింత చూపించింది. ఆ పేరున్న ఒకతని వై క్రోమోజోమ్ పశ్చిమ ఆఫ్రికాలో మాత్రమే కనిపించే అతి పురాతన శాఖకు చెందినదని తేలింది. తాను తరతరాల ఇంగ్లిషువాణ్ణి కాదనుకోవడానికి అతనికి ఏ కారణమూ లేదు. అదే పేరున్న 18 మందిని పరీక్షిస్తే ఏడుగురిలో అదే శాఖ. పాత రికార్డులు తిరగేస్తే వాళ్ళు 18వ శతాబ్దం చివర్లో యార్క్‌షైర్‌లో ఉన్న రెండు కుటుంబాల దాకా వెళ్ళారు. ఆ మొదటి ఆఫ్రికన్ ఎప్పుడొచ్చాడో చెప్పే కాగితం లేదు. మూడో శతాబ్దంలో, ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర రోమన్ సైన్యంలో ఉత్తర ఆఫ్రికా దళం ఉండేది. 18వ శతాబ్దంలో బానిసలుగా, నౌకర్లుగా ఇంగ్లండ్‌కి తెచ్చిన ఆఫ్రికన్లూ ఉన్నారు. 2007లో వెలువడిన ఈ పరిశోధన నాకు చాలా ఇష్టం. స్మిత్ అనే పేరైతే ఆ ఒక్క మనిషి సంగతి లక్షలమందిలో కలిసిపోయేది. పేరు అరుదైనది కాబట్టే మిగతా ఏడుగురూ దొరికారు.

ఒకటి మరచిపోకూడదు. ఇరవై తరాలు వెనక్కి లెక్కేస్తే ఒక్కొక్కరికీ పది లక్షల పైచిలుకు పూర్వీకుల స్థానాలు వస్తాయి. ఇంటిపేరు చెప్పేది వాటిలో ఒక్కదాని గురించే. తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మల పుట్టిళ్ళు ఏవీ అందులో లేవు.

అరుదైన పేరు చరిత్రకారుడికి ఎంత మేలో, ఆ పేరున్నవాడికి అంత ఇబ్బంది తెచ్చే అవకాశమూ ఉంది. 2006లోనే కింగ్ బృందం ఒకే ఇంటిపేరున్న 150 జతల మగవాళ్ళను పోల్చి, 24 శాతం జతలకు ఉమ్మడి పూర్వీకుడున్నాడని, అరుదైన పేర్లలో అది దాదాపు సగానికి పెరుగుతుందని చూపింది. నేరస్థలంలో దొరికిన డీఎన్ఏ నుంచి అనుమానితుడి ఇంటిపేరు ఊహించవచ్చన్న సూచన అందులో ఉంది. 2013లో అమెరికాలో పరిశోధకులు దీన్ని చేసి చూపించారు. పేర్లు తీసేసి ఇంటర్నెట్‌లో పెట్టిన జన్యుసమాచారంలోంచి వై క్రోమోజోమ్ అంకెల పట్టీ తీసి, వంశవృక్షాల సరదాతో జనం నింపిన వెబ్‌సైట్లలో వెతికి ఇంటిపేరు పట్టుకున్నారు. దానికి వయసు, రాష్ట్రం జోడించి దాదాపు 50 మంది ఎవరో తేల్చేశారు. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఆ సమాచారంలోంచి దాతల వయసును అందరికీ కనిపించకుండా తీసేసింది.