వారాలబ్బాయి నుంచి బడి పంక్తి దాకా

మధ్యాహ్న భోజన కార్మికులు గౌరవ వేతనం పెంచాలని, ఆగిపోయిన బిల్లులు ఇవ్వాలని కలెక్టరేట్ల ముందు కూర్చోవడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా చూస్తున్నదే. పేపర్లో మూడో పేజీ వార్తగా వచ్చి పోతుంది. వాళ్లు ఏం మోస్తున్నారో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో హైస్కూలు ఉండేది ఏ పట్నంలోనో, తాలూకా కేంద్రంలోనో. పల్లె నుంచి చదువుకోవడానికి వచ్చిన పేద పిల్లవాడు ఎవరి అరుగు మీదో పడుకునేవాడు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట, ఇలా ఏడు రోజులకు ఏడు ఇళ్లు మాట్లాడుకునేవాడు. వారాలు చేసుకుని చదువుకోవడమంటే ఇదే. వారాలబ్బాయి అన్న మాట అక్కడే పుట్టింది. ఆ ఏడు చేతులూ పెట్టబట్టే ఒక తరం వకీళ్లు, పంతుళ్లు, గుమాస్తాలు తయారయ్యారు. టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మగారు భర్త పోయాక ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. గోదావరి లంకల్లో గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా లేకుండా ఆకలన్నవారికి అన్నం పెట్టారు. అన్నం పెట్టడం, చదువు చెప్పించడం వేర్వేరు పుణ్యాలని మనవాళ్లు ఎన్నడూ అనుకోలేదు.

అయితే ఆ అరుగులకు కులం ఉండేది. వారాలు దొరికింది ఎక్కువగా బ్రాహ్మణ ఇళ్లలో, బ్రాహ్మణ పిల్లలకే. మాలపల్లె నుంచో మాదిగవాడ నుంచో వచ్చిన పిల్లవాడికి ఏ ఇంటా సోమవారం లేదు, మంగళవారమూ లేదు. ఆడపిల్లల మాట సరేసరి. హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టల్ పెట్టారు. ఆ తర్వాత మరికొన్ని కులాలవాళ్లూ తమ పిల్లలకు తామే వసతిగృహాలు కట్టుకున్నారు. ఎవరి పిల్లలకు వాళ్లు ఆసరా అయ్యారు, ఎందరి జీవితాలనో నిలబెట్టారు. ఆసరాగా నిలిచే స్తోమత తమ కులానికి లేనివాళ్లు మాత్రం బయటే ఉండిపోయారు.

బడిలోనే, అందరికీ, ప్రజల సొమ్ముతో అన్నం పెట్టాలన్న ఆలోచనను మన ప్రాంతంలో మొదట అమలు చేసింది మద్రాసు కార్పొరేషన్. 1920లో దాని అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు ఇంటివాడు. థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషన్ బడిలో పిల్లవాడికి రోజుకు అణా మించకుండా ఖర్చుపెట్టి ఫలహారం పెట్టించారు. పిల్లల సంఖ్య పెరిగింది. ప్రాథమిక విద్య నిధి నుంచి తిండికి ఖర్చు పెట్టడం కుదరదని తెల్లదొరల ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925లో అది ఆగిపోయింది. చదువుకిచ్చిన డబ్బు తిండికెలా పెడతారన్న వాదన ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తూనే ఉంటుంది, దాని వయసు ఇంత. 1956లో తమిళనాట కామరాజ్ మళ్లీ బడుల్లో వంట మొదలుపెట్టారు. 1982లో ఎం.జి.ఆర్ దాన్ని పెద్ద ఎత్తున విస్తరించారు.

మన జిల్లాల్లో ఆ రోజుల్లో ఊరు బడికి చేసిన సాయం అన్నం రూపంలో కంటే స్థలం రూపంలో ఎక్కువగా కనిపిస్తుంది. జిల్లా బోర్డుల కాలంలో మొదలైన హైస్కూళ్లు 1959లో పంచాయతీరాజ్ వచ్చాక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలయ్యాయి. గేటు పక్కన, వరండా గోడల మీద ఉండే శిలాఫలకాలు చదవండి. ఎకరం పొలం ఇచ్చినవారు, తండ్రి పేరున రెండు గదులు కట్టించినవారు, బోరు వేయించినవారు, ఊరి చరిత్ర అంతా అక్కడే ఉంటుంది. తర్వాత తర్వాత పేరు జిల్లా పరిషత్‌ది, పెత్తనం విద్యాశాఖది అన్నట్టు అయింది. ఊరికి బడి మీద ప్రేమ పోలేదు గానీ, మాట చెల్లుబాటు తగ్గింది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యా కమిటీల చట్టం తెచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలుండాలని చెప్పింది. కాగితం మీద ఇది చాలా గొప్ప అధికారం. చాలా ఊళ్లలో అది తీర్మానాల పుస్తకంలో వేలిముద్రతో ముగిసిపోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులను బాగుచేయడానికి 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలుపెట్టిన నాడు-నేడులో తొలి విడత 15,715 బడుల పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా నడిచాయి. 2024లో తెలంగాణ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరిట మహిళా సంఘాలకు బడుల మరమ్మతులు అప్పగించింది. పేరు మారిన ప్రతిసారీ కమిటీ కొత్తగా పుడుతుంది. పాత కమిటీ ఏం నేర్చుకుందో ఎవరూ అడగరు, నా బాధ అది.

అన్నం సంగతి వేరు. కేంద్రం పథకం వచ్చాక అది కొనసాగుతూనే వచ్చింది. 1995 ఆగస్టు 15న కేంద్రం పథకం మొదలుపెట్టినప్పుడు చాలా రాష్ట్రాల్లో ఇచ్చింది వండిన అన్నం కాదు, బియ్యం. 80 శాతం హాజరుంటే నెలకు 3 కిలోలు. పిల్లలు గుడ్డ సంచుల్లో పోయించుకుని ఇంటికి మోసుకెళ్లేవారు. ఆ బియ్యం ఇంటిల్లిపాదికీ ఒకటి రెండు పూటలు, బడిలో పిల్లవాడి కడుపు మాత్రం మధ్యాహ్నానికి మళ్లీ ఖాళీ. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు దీన్ని మార్చింది. గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే జనం పస్తులుండడమేమిటని పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన వ్యాజ్యంలో, ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో కనీసం 300 క్యాలరీల వండిన భోజనం ఏడాదికి 200 రోజులు పెట్టాలని ఆదేశించింది. దయగా ఉన్నది ఆ రోజుతో హక్కయింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో వంట మొదలైంది. అప్పటికే ఊరూరా ఉన్న డ్వాక్రా సంఘాల మహిళలకే ఎక్కువచోట్ల వంట అప్పగించారు. బడిలో చదివే పిల్లల తల్లులు, అమ్మమ్మలు, పెద్దమ్మలే వంటవాళ్లయ్యారు. వంటకు ఎవరిని పెట్టుకోవాలన్న దాని మీద 2004లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలి. దళిత మహిళ వండితే మా పిల్లలు తినరంటూ దేశంలో అనేక చోట్ల పెద్దలు గొడవ చేశారు, అక్కడక్కడ ఇంకా చేస్తూనే ఉన్నారు. పంక్తిభేదం మహాపాపమని మన ఇళ్లలో చెబుతారు. ఆ మాటకు ప్రభుత్వ బడి వరండా ఇచ్చినంత అర్థం ఏ పెళ్లి పందిరీ ఇవ్వలేదని నేను నమ్ముతాను. వారాలు దొరకని వాడలవాళ్ల మనవలు, మనవరాళ్లు ఇవాళ అందరితో కలిసి ఒకే వరసలో కంచం పట్టుకు కూర్చుంటున్నారు.

2008లో తొమ్మిది, పది తరగతులకూ రాష్ట్రం సొంత ఖర్చుతో భోజనం పెట్టడం మొదలుపెట్టింది. 2015 జనవరి నుంచి తెలంగాణ బడుల్లో సన్నబియ్యం వచ్చింది, 2025 జూన్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ. ఆంధ్రలో 2020లో పథకం పేరు జగనన్న గోరుముద్దగా మారినప్పుడు వారానికి ఐదు గుడ్లు, చిక్కీ చేరాయి. 2024లో పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆ పేరు తగినదే.

ఇక వంటింట్లోకి వెళ్దాం. బడి గంట కొట్టేసరికి వంటామె బియ్యం చేటలో పోసి ఏరుతూ ఉంటుంది. చిన్న తరగతుల పిల్లలకు తలా 100 గ్రాములు, పై తరగతులకు 150. హాజరు చూసి ఎంతమందో పంతులమ్మ చీటీ పంపుతుంది. గ్యాస్ చాలని చోట కట్టెల పొయ్యే, కళ్లు మండినా గొట్టంతో ఊదుతూ ఉండాల్సిందే. పప్పు ఉడికేలోగా గుడ్లు ఉడకబెట్టి, పెంకులు తీసి, తాలింపు వేసి, ఒంటిగంట లోపు గిన్నెలు వరండాలోకి చేర్చాలి. వంద మంది దాకా పిల్లలుంటే ఇద్దరు మనుషులే. అందరూ తిన్నాక అడుగున మిగిలింది ఆమె తింటుంది, తర్వాత గిన్నెలు తోముతుంది.

దీనికి గౌరవ వేతనం కేంద్రం లెక్కలో నెలకు 1,000 రూపాయలు, ఏడాదికి పది నెలలే. 2009లో కట్టిన ఈ లెక్క ఇప్పటికీ అదే. రాష్ట్రాలు తమవంతు కలపడంతో రెండు చోట్లా 3,000 అయింది. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు, కనీస వేతనాల లెక్కలోకి రాకుండా. సరుకుల ఖర్చు కింద 2025 మే నుంచి కేంద్రం నిర్ణయించిన రేటు, బియ్యం కాక, ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 6 రూపాయల 78 పైసలు, పై తరగతుల్లో 10 రూపాయల 17 పైసలు. ఉప్పు, పప్పు, నూనె, కూరగాయలు, పొయ్యి ఖర్చు అన్నీ ఇందులోనే. ఈ డబ్బూ నెలనెలా రాదు. వచ్చేదాకా ఊళ్లో కిరాణా కొట్టువాడి దగ్గర ఆమె పేరున ఖాతా నడుస్తుంది. పిల్లలకు ప్రభుత్వం పెట్టే అన్నానికి పూచీ ఆమె. రెండు నెలలు దాటితే మెడలోనిదో చెవులవో తాకట్టుకు వెళ్తాయి. సంఘంలో తీసుకున్న అప్పు కూడా దానికే కరిగిపోతుంది.

కలెక్టరేట్ ముందు టెంటులో కూర్చున్న రోజు కూడా వీళ్లలో చాలామంది పొద్దున్నే లేచి, ఇంటి పక్కావిడకు బియ్యం కొలిచి అప్పగించి, ఇవాళ్టికి కాస్త పప్పు వండి పెట్టమని చెప్పి బస్సెక్కుతారు.