దింపుడు కళ్లం లేని ఊళ్లో

విశాఖ పాతబస్తీ నుంచి జ్ఞానాపురం వెళ్లే దారిలో రైలు పట్టాల కింద ఒక మార్గం ఉంది. దాని పేరు చావులమదుం. ఇక్కడి వాడుకలో మదుం అంటే తూము. 1890లలో రైలు కట్ట పడ్డాక శ్మశానం అటు, ఊరు ఇటు అయింది. పాడెలు ఆ తూము కిందుగానే వెళ్లేవి. ఇప్పుడు అక్కడ బస్సు దిగేవాళ్లకు అది ఒక స్టాపు పేరు, అంతే.

ఈ సంగతి ఎందుకంటే, అద్దెకున్న మనిషి ఆస్పత్రిలో కన్నుమూస్తే ‘శవాన్ని మాత్రం ఇంటికి తేవద్దండీ’ అనే మాట నగరంలో తరచు వినిపిస్తోంది. ఇంటి ఓనరు రాతిగుండె మనిషని తేల్చేస్తే పని అయిపోదు. ధనిష్ఠా పంచకంలో, అంటే ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఐదు నక్షత్రాల రోజుల్లో, ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలన్న నమ్మకం పాతది. పల్లెలో ఇల్లు మూస్తే పక్కనే అన్నదమ్ముల ఇళ్లుండేవి. రెండు గదుల ఫ్లాటు మూస్తే అద్దె పోతుంది, మళ్లీ ఎవరూ దిగరేమోనన్న బెంగ పట్టుకుంటుంది. పట్టింపు పాతదే, దాన్ని మోసే బంధుబలగం లేదు.

ఒకప్పుడు శవం లేచేదాకా ఇరుగుపొరుగు పొయ్యి వెలిగించేవారు కాదు. ఆ తర్వాత చావింటికి అన్నం వాళ్లే వండి పంపేవారు. శ్మశానానికి వెళ్లే దారిలో పాడె దించి, చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలిచేవారు. అదే దింపుడు కళ్లం. నాడి చూసే డాక్టరు లేని రోజుల్లో అది ఆఖరి పరీక్ష. ఆ ఆశ నిజంగా ఎందరిని లేపిందో గానీ, సామెతగా మాత్రం బతికే ఉంది.

1923లో కింగ్ జార్జ్ ఆస్పత్రి వచ్చింది. పోయారని చెప్పే పని మెల్లగా డాక్టరుకు, రాసుకునే పని మున్సిపాలిటీకి చేరాయి. 1969లో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది; ఇప్పుడు మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పాడె పోయి వ్యాను వచ్చింది. అమెరికా నుంచి కొడుకు దిగేదాకా ఫ్రీజర్ పెట్టె అద్దెకు దొరుకుతుంది. 2020లో కోవిడ్ స్నానం చేయించడాన్నీ, తాకడాన్నీ కూడా ఆపేసింది. సంచి జిప్పు కాస్త తీసి ముఖం చూపితే అదే పదివేలు.

మొన్న మా వీధి పెద్దాయన పోయారు. వ్యాను చావులమదుం దగ్గరికి రాగానే ఆయన చెల్లెలు డ్రైవరుతో, ‘ఒక్క నిమిషం ఆపు బాబూ’ అంది. వెనక తలుపు తీశారు. పెద్దకొడుకు చెవి దగ్గరికి వంగి ‘నాన్నా’ అని మూడుసార్లు పిలిచాడు. మూడోసారి ఏమన్నాడో నాకు వినపడలేదు. వెనక ఆటోలు హారన్ కొడుతున్నాయి.