కొవ్వు శాతం: చీటీ మీది అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

తిరుమలలో తులాభారం మొక్కు తీర్చేటప్పుడు బిడ్డను ఒక తట్టలో కూర్చోబెట్టి, రెండో తట్టలో బెల్లమో చక్కెరో నాణేలో సరితూగేదాకా వేస్తారు. ఆ బరువులో కండ ఎంత, ఎముక ఎంత, కొవ్వు ఎంత అని ఎవరూ అడగరు. కింద తిరుపతి జిమ్ముల్లో మాత్రం మొదట అడిగేది అదే. చెప్పులు విప్పి మెషిన్ ఎక్కితే నిమిషంలో ‘కొవ్వు 24.3 శాతం’ అని చీటీ వస్తుంది. పాయింటు తర్వాతి అంకె కూడా అచ్చయి ఉంటే ఎవరైనా కొలతే అనుకుంటారు. నిజానికి అది లెక్క. బతికున్న మనిషిలోంచి కొవ్వును విడదీసి తూచడం ఎవరి వల్లా కాదు.

ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే సూత్రం (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించడం) బెల్జియం శాస్త్రవేత్త అడోల్ఫ్ కెట్లేది, 1830ల నాటిది. దానికి బీఎంఐ అని పేరు పెట్టింది అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, 1972లో. జనసమూహాలను పోల్చడానికి పనికొచ్చే ఆ సూత్రం ఒక్క మనిషి దగ్గర ఎలా తడబడుతుందో అప్పటికి 30 ఏళ్ల ముందే తేలింది. 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ 25 మంది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను నీళ్లలో ముంచి తూచాడు. వాళ్లలో 17 మంది ఎత్తు-బరువు పట్టికల ప్రకారం సైన్యానికి పనికిరారు. నీటి తూకంలో చూస్తే వాళ్ల అధిక బరువు చాలావరకు కండే.

కొవ్వు నీటిపై తేలుతుంది, కండ మునుగుతుంది. 1956లో అమెరికా శాస్త్రవేత్త విలియం సిరి కొవ్వు సాంద్రత (మిల్లీలీటరుకు గ్రాముల్లో) 0.9, మిగతా శరీరానిది 1.1 అనుకుని సూత్రం కట్టాడు: 495ను శరీర సాంద్రతతో భాగించి 450 తీసేస్తే కొవ్వు శాతం. సాంద్రత 1.060 అయితే 17, 1.050 అయితే 21.4. రెండో దశాంశ స్థానంలో ఒక్క అంకె మారితే నాలుగు శాతం పైగా తేడా. ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలిని 100 మిల్లీలీటర్లు తప్పుగా లెక్కించినా, 60 కిలోల మనిషికి ఫలితం దాదాపు 0.8 శాతం పక్కకు పోతుంది.

నీళ్లలో తూచే తొట్టి అందరికీ దొరకదు కాబట్టి చర్మపు మడతలు కొలిచే పద్ధతి వచ్చింది. 1974లో డర్నిన్, వోమర్స్‌లీ అనే పరిశోధకులు 481 మందిని నీళ్లలో తూచి, వాళ్ల పైచేతికి ముందువైపు, వెనుకవైపు, రెక్క ఎముక కింద, తుంటి పైన మడతలు కొలిచి సమీకరణాలు ఇచ్చారు. ఇరవైల్లో ఉన్న మగవాడికి నాలుగు మడతల మొత్తం 40 మి.మీ. అయితే సుమారు 16 శాతం. 44 అయితే 17కు పైనే. అంటే కొలిచే చేతిలో నాలుగు మిల్లీమీటర్ల అజాగ్రత్త ఒక శాతం ‘కొవ్వు’ పుట్టిస్తుంది. కుడివైపే కొలవాలి. గుర్తు పెట్టిన చోట బొటనవేలు, చూపుడువేలితో మడత పట్టి, ఒక సెంటీమీటరు దూరంలో కాలిపర్ (మడత మందం కొలిచే పట్టకారు లాంటి పరికరం) వేసి, రెండు సెకన్లకు అంకె చదవాలి. ఆలస్యమైతే మడత నలిగి అంకె పడిపోతుంది. స్ప్రింగు వదులైతే పెరుగుతుంది.

జిమ్ము మెషిన్ చేసేది ఇంకా పరోక్షమైన పని. ఒంట్లోకి సన్నని విద్యుత్తు పంపి, అడ్డంకిని బట్టి నీరెంతో అంచనా వేస్తుంది. కొవ్వు కాని భాగంలో 73 శాతం నీరని అనుకుని, బరువులోంచి ఆ భాగాన్ని తీసేస్తుంది. కాబట్టి నీరు తగ్గితే కొవ్వు పెరిగినట్టు చూపుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి చెమటోడ్చి వచ్చిన సాయంత్రం ఆ చీటీని నమ్మకూడదు. ఒళ్లు ఇంకా వేడిగా ఉండగా ఎక్కితే తప్పు ఎదురుదిక్కుకూ పోవచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు ఎక్కకూడదు.

మన ఒళ్లకు ఇంకో చిక్కుంది. 2004లో పుణే వైద్యుడు యాజ్నిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ కొలతలు పక్కపక్కన పెట్టారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్‌ది 21.2. సన్నగా కనిపించే మనిషికీ షుగరు ఎందుకొస్తుందో ఆ రెండు అంకెలు చాలావరకు చెబుతాయి. కాలిపర్ చర్మం కిందిదే పట్టుకోగలదు, కడుపు లోపలి కొవ్వు దానికి అందదు.

ఆటగాళ్ల విషయంలో భయం వేరు. బెంకీ లెక్కలో బతకడానికి తప్పనిసరైన కొవ్వే మగవారికి 3, ఆడవారికి 12 శాతం. చీటీలో అంకె తగ్గించమని కోచ్ ఆడపిల్లను ఒత్తిడి చేయడం, నెలసరి ఆగినా పట్టించుకోకపోవడం ప్రమాదం. ఎముక బలహీనపడుతుంది.

మెషిన్ వాడేవాళ్లు ఎప్పుడూ అదే మెషిన్ మీద, పొద్దున పరగడుపున, మూత్రానికి వెళ్లొచ్చాక, ముందురోజు గట్టి వ్యాయామం లేకుండా, నెలకోసారి చూసుకోవాలి. పక్కవాడి అంకెతో పోల్చుకోవద్దు, పోయిన నెల మీ అంకెతోనే పోల్చుకోండి. దాంతోపాటు టేపు కూడా పెట్టండి: చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్య, మామూలుగా ఊపిరి వదిలాక. మనవాళ్లకు మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. ప్యాంటు బెల్టు కట్టే చోటో, చీర కుచ్చిళ్లు దోపే చోటో కొలిస్తే టేపు పొట్ట కిందికి జారి, తప్పు అంకె చూపుతుంది.