హద్దు ఎంత దాటిందో చెప్పని ఎర్రర్లు

2018 సెప్టెంబరులో వచ్చిన జావా ప్రోగ్రామింగ్ భాష 11వ వెర్షన్‌లో ఒక చిన్న మార్పు ఉంది. అంతకుముందు ప్రోగ్రాం ఏదైనా అర్రే (విలువలను వరుసగా పెట్టుకునే పట్టిక) హద్దు దాటి చదవబోతే, ఎర్రర్ పేరు పక్కన ఒక్క అంకె కనిపించేది. ఉదాహరణకు 5. అది అడిగిన స్థానమా, అర్రే పొడవా అని కొత్తవాళ్లు తికమకపడేవాళ్లు. జావా 11 నుంచి 'ఇండెక్స్ 5 అవుటాఫ్ బౌండ్స్ ఫర్ లెంగ్త్ 5' అని వస్తోంది. జావా మొదటి వెర్షన్ 1996లో వచ్చింది. అంటే ఆ రెండో అంకె కోసం 22 ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆ అంకె వల్ల ఏం ఒరుగుతుంది? జావాలో స్థానాల (ఇండెక్స్‌ల) లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి పొడవు 5 అయితే చివరి స్థానం 4. పొడవు 5, అడిగింది 5 అంటే లూప్ (ఒకే పనిని మళ్లీమళ్లీ చేసే కోడ్) ఒక్కసారి ఎక్కువ తిరిగి ఉంటుంది. షరతులో 'తక్కువ' అని ఉండాల్సిన చోట 'తక్కువ లేదా సమానం' పడిందేమో చూడాలి. పొడవు 0 అని వస్తే లూప్ జోలికి పోనక్కర్లేదు, డేటాయే రాలేదు. ఇండెక్స్ -1 అయితే, ఎక్కడో వెతికి 'దొరకలేదు' అని వచ్చిన జవాబును చూసుకోకుండా వాడేసి ఉంటారు. అర్ధరాత్రి ప్రొడక్షన్ లాగ్ (జనం వాడుతున్న సిస్టం రాసుకునే చిట్టా) ముందు టెన్షన్‌తో కూర్చున్న మనిషికి ఈ మూడింటిలో ఏది జరిగిందో తెలిస్తే సగం పని అయినట్టే. మళ్లీ నడిపి చూద్దామంటే అప్పటి డేటా ఇంకా ఉంటుందన్న నమ్మకం లేదు.

హద్దులు చూడాలన్న ఆలోచన మాత్రం పాతదే. 1960ల్లో బ్రిటన్‌లోని ఎలియట్ బ్రదర్స్ కంపెనీలో కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ బృందం అల్గాల్ 60 భాషకు కంపైలర్ (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) రాసింది. ప్రోగ్రాం అర్రేను తాకిన ప్రతిసారీ కింది హద్దు, పై హద్దు రెండూ సరిచూసేలా దాన్ని కట్టారు. కొన్నేళ్ల తర్వాత, వేగం కోసం ఆ తనిఖీ ఆపేసే వీలు కల్పించమంటారా అని కస్టమర్లను అడిగితే అందరూ ఒక్క మాటగా వద్దన్నారు. 1980 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో హోర్ స్వయంగా చెప్పిన సంగతి ఇది.

సి భాష దారి వేరు. అందులో అర్రేను ఫంక్షన్‌కు పంపితే మొదటి చిరునామా మాత్రమే వెళ్తుంది, పొడవు వెంట రాదు. పొడవే తెలియనప్పుడు దేనితో పోల్చి చూస్తారు? 1988 నవంబరులో మోరిస్ వార్మ్ (కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు తనంతట తానే పాకిన ప్రోగ్రాం) వాడుకున్న దారుల్లో ఒకటి అలాంటిదే. ఫింగర్ సర్వర్ (యూజర్ల వివరాలు చెప్పే ప్రోగ్రాం) పక్కన పెట్టుకున్న 512 బైట్ల చోటులోకి ఆ వార్మ్ 536 బైట్లు పంపింది. అడ్డుకునేవాళ్లు లేరు, ఎర్రర్ కూడా రాలేదు.

తనిఖీ ఉన్న భాషల్లో మరి అంకెలు ఎందుకు రాలేదు? ప్రోగ్రాం ఆగిపోయే క్షణంలో ఇండెక్స్, పొడవు రెండూ ప్రాసెసర్ దగ్గరే ఉంటాయి. వాటిని పోల్చకుండా తప్పు జరిగిందని తెలియదు కదా! చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. తనిఖీ అంటే ఒక పోలిక, తప్పితే కోడ్‌లో వేరే చోటికి ఒక జంప్. కోడ్ సైజు పెరగకుండా ఒక ఫంక్షన్‌లోని ఎన్నో తనిఖీలను ఒకే చోటికి దూకిస్తే, ఏ అంకె ఏ రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న అరలో) ఉందో ఆ చోటికి తెలియదు. అందుకే ప్రోగ్రాం 'హద్దు దాటింది' అని మాత్రమే చెప్పి ఊరుకునేది. 2019లో వచ్చిన గో భాష 1.13 వెర్షన్ ఈ పనిని శ్రద్ధగా చేసింది. రెండు అంకెలూ ముందే అనుకున్న రిజిస్టర్లలో ఉండేలా కంపైలరే చూస్తుంది, అక్కడి నుంచి మెసేజ్‌లోకి తీసుకుంటారు.

ఇంకో మెలిక ఉంది. ఇండెక్స్ రుణసంఖ్యా, పొడవుకు సమానమో అంతకంటే పెద్దదో అయిందా అని రెండుసార్లు చూడకుండా, కంపైలర్లు ఆ సంఖ్యను ప్లస్, మైనస్ గుర్తు లేనిదిగా తీసుకుని ఒకే పోలికతో తేల్చేస్తాయి. -1 అప్పుడు బ్రహ్మాండమైన సంఖ్య అయిపోతుంది కాబట్టి ఎలాగూ దొరుకుతుంది. కానీ దాన్ని అలాగే మెసేజ్‌లో పెడితే 18446744073709551615 అని కనిపిస్తుంది! అందుకే అసలు సంఖ్యకు గుర్తు ఉందా లేదా అన్నది కూడా గో మెసేజ్ దాకా మోసుకెళ్తుంది.

నా మటుకు అన్నిటికంటే మంచి మెసేజ్ ఫోర్ట్రాన్ భాష కంపైలర్ జీఫోర్ట్రాన్‌ది. ఫోర్ట్రాన్ అర్రే 1 నుంచే మొదలవ్వాలని లేదు, -3 నుంచైనా మొదలవ్వచ్చు. డైమెన్షన్లు కూడా చాలా ఉండొచ్చు. కాబట్టి అది అర్రే పేరు, ఎన్నో డైమెన్షన్, అడిగిన ఇండెక్స్, దాటిన హద్దు అన్నీ చెబుతుంది, లైను నంబరుతో సహా. అయితే కంపైల్ చేసేటప్పుడు 'ఎఫ్‌చెక్' ఆప్షన్‌లో బౌండ్స్ అని అడిగితేనే. అడగకపోతే తనిఖీయే జరగదు.

పైథాన్‌లో లిస్ట్ హద్దు దాటితే ఇప్పటికీ 'లిస్ట్ ఇండెక్స్ అవుటాఫ్ రేంజ్' అనే వస్తుంది, ఒక్క అంకె కూడా ఉండదు. 2022లో వచ్చిన 3.11 నుంచి లైనులో ఏ ముక్క దగ్గర తప్పిందో గుర్తు పెట్టి చూపిస్తోంది, అదొక ఊరట.

జావాలోనూ కథ పూర్తి కాలేదు. ఒకే చోట అదే ఎర్రర్ పదేపదే వస్తుంటే, వేగం కోసం హాట్‌స్పాట్ (జావా ప్రోగ్రాంలను నడిపే ఇంజిన్) ముందే తయారుచేసి పెట్టుకున్న ఖాళీ ఎక్సెప్షన్‌ను (ఎర్రర్ కబురును) విసరడం మొదలుపెడుతుంది. దాంట్లో మెసేజూ ఉండదు, ఏయే ఫంక్షన్ల మీదుగా అక్కడికి చేరిందో చూపే స్టాక్ ట్రేసూ ఉండదు. లాగ్‌లో వేల లైన్ల నిండా ఎర్రర్ పేరు ఒక్కటే కనిపిస్తే, 'ఓమిట్ స్టాక్ ట్రేస్ ఇన్ ఫాస్ట్ త్రో' అనే ఆప్షన్‌ను ఆపేసి మళ్లీ నడపాలి. లేదంటే లాగ్‌లో బాగా వెనక్కి వెళ్లి మొట్టమొదటిసారి వచ్చిన ఎర్రర్‌ను పట్టుకోవాలి. రెండు అంకెలూ అక్కడ దొరుకుతాయి.